పొద్దు వాలితే ధర తగ్గే కొట్టు

ఆమె పోయిందన్న సంగతి నాకు గజపతినగరంలో తెలిసింది. అక్కడి డిగ్రీ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళి, తిరుగు బస్సు కోసం ఎండలో నిలబడలేక, ఫోన్ కవర్లు అమ్మే ఒక చిన్న దుకాణం నీడకు చేరాను. లోపలి మనిషి నన్ను గుర్తుపట్టాడు. ఒకప్పుడు విజయనగరంలో నెట్ సెంటర్ నడిపినవాడు. స్టూలు నా వైపు జరిపి, ముఖం తుడుచుకుని, "మా మరదలు పోనాది మేస్టారూ" అన్నాడు. "వర్షాల్లో జొరమొచ్చినాది. వారం తిరక్కుండా అయిపోనాది."

నేను ఏదో అనబోయేలోగా, ఫోనుకు అద్దం అతికించుకోవడానికి వచ్చిన ఒకాయన మాట అందుకున్నాడు. "ఆవిడేనా? కంప్యూటర్లో సేపలమ్మి మేడ కట్టీసిందంట కదా? ఫారినోళ్ళు ఫోన్లు సేసీవోరంట."

దుకాణదారు కాదనలేదు. పోయినవాళ్ళను ఎవరైనా గొప్ప చేసి చెబుతుంటే అయినవాళ్ళు అడ్డుపడరు. నేను మాత్రం, అంత అలసటలోనూ, అలవాటు కొద్దీ ఆ వాక్యాన్ని విడదీసి చూసుకున్నాను. ఆమె మేడ కట్టలేదు. ఆమెకు సొంత ఇల్లే లేదు. ఆమెకు ఎవరూ ఫోన్లు చేయలేదు. చేసినా ఆమె మాట్లాడగలిగేది కాదు. కంప్యూటర్లో చేపలు అమ్మిన మాట నిజం. అయితే అవి చేపలు కావు.

నేను భౌతికశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి. కొలిచి చూడని మాటను ముందుకు పంపడం నాకు చేతకాదు. ఆమె గురించి నేను చూసినవి, ఇతరులు చెప్పగా విన్నవి, నాకు నేను అనుకున్నవి ఒకదానిలో ఒకటి కలిసిపోకముందే రాసి ఉంచాలనిపించింది. ఈ వయసులో అవి కలిసిపోవడానికి ఎక్కువ కాలం పట్టడం లేదు.

విజయనగరంలో మా కాలేజీ వెనక సందులో వాళ్ళ నెట్ సెంటర్ ఉండేది. వీధి కన్నా పల్లంలో, కిటికీ లేని పొడుగాటి గది. గోడ వెంబడి చెక్క అరలు, అరకొక సిస్టమ్. ఫోన్లలోకి నెట్ ఇంకా రాని రోజుల మాట ఇది. హాల్‌టికెట్ల కోసం, పరీక్షా ఫలితాల కోసం, అన్నిటికన్నా ఎక్కువగా ఆటల కోసం విద్యార్థులు వచ్చేవారు. నేను ప్రశ్నపత్రాలు ప్రింటు తీయించుకోవడానికి వెళ్ళేవాణ్ణి.

చివరి అరలో ఆమె కూర్చుని ఉండేది. నలభై దాటిన మనిషి. తిరిగే కుర్చీలో కాళ్ళు మడిచి, బాసింపట్టు వేసుకుని, బజారులో పీటమీద కూర్చున్నట్టే కూర్చునేది. మొదటిసారి నా దృష్టిని లాగినది ఆమె ఎడమచేయి. కుడిచేయి మౌస్ మీద ఉండగా ఎడమచేయి మానిటర్ ముందు గాలిలో అటూ ఇటూ మెల్లగా ఆడుతూ ఉండేది. ఈగలు తోలుతున్న చేయి అది. గదిలో ఈగలు లేవు. నేను ప్రత్యేకంగా చూశాను.

ఆమె బావను, అంటే నెట్ సెంటర్ యజమానిని, అదేమిటని అడిగాను.

"అలవాటు మేస్టారూ" అన్నాడు. "సేపల గంప ముందు పుట్టి పెరిగిన సెయ్యి. ఖాళీగా ఉండనేదు. కొత్తలో అయితే పొద్దున్నే వచ్చి కీబోర్డు మీద నీళ్ళు సిలకరించినాది. సేపల మీద సిలకరిస్తారు సూడండి, అలాగ. ఒక కీబోర్డు పోనాది నాది!"

కుర్చీలోని మనిషి వెనక్కి తిరిగి బావను ఒక చూపు చూసింది. ఆ తర్వాత నేను ఎన్నో ఉదయాలు గమనించాను: ఆమె నీళ్ళు మానుకుంది గానీ చిలకరించడం మానలేదు. సిస్టమ్ ఆన్ కాగానే పొడి వేళ్ళను తెరమీద ఒకసారి విదిలించి గాని పని మొదలుపెట్టేది కాదు.

వాళ్ళది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఒక పల్లె. ఆమె భర్త గుజరాత్ పడవల మీదికి వలస వెళ్ళి అక్కడే వేరే కాపురం పెట్టాడని విన్నాను. నిర్ధారించుకునే అవసరం నాకు రాలేదు. ఆమె రేవులో వేలంపాట పాడుకుని చేపలు కొని, శ్రీకాకుళం బజారులో అమ్మేది. ఆ వ్యాపారానికి పెట్టుబడి గొంతు. ఆమె గొంతు గురించి ఆమె అక్క, అంటే నెట్ సెంటర్ యజమాని భార్య, చెప్పిన మాట ఇది: "మీరు ఇనలేదు మేస్టారూ. బజారు ఆ సివర ఇది కేకేస్తే ఈ సివర బేరాలు ఆగిపోయీవి." అతిశయోక్తి అనే అనుకున్నాను. అయితే ఒకరినొకరు ఎరగని ఇద్దరు ముగ్గురు ఆ బజారు మనుషులు వేరువేరుగా దాదాపు ఇదే మాట చెప్పారు. కనుక కొంత తగ్గించి నమ్మవచ్చు.

గొంతు దగ్గర గడ్డకు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత స్వరం రాలేదు. దిష్టి తగిలిందని పల్లెలో అన్నారు. స్వరతంత్రులను కదిలించే నరం ఆ గడ్డ వెనకనుంచే పోతుంది. ఆపరేషన్‌లో అది దెబ్బతినడం అరుదే గాని, వైద్యులకు తెలిసిన ప్రమాదమే. ఈ మాట వాళ్ళ అక్కకు చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "ఏదైతేనేటి, అరసవల్లి తీసికెల్లినాం" అంది.

"అరసవల్లికి కళ్ళ జబ్బులకూ చర్మవ్యాధులకూ కదా వెళతారు?"

"కళ్ళకి సూసిన దేవుడు గొంతుకి సూడడా మేస్టారూ? అంత దూరం ఎల్లి, లైన్లో నిలబడి!"

చూడలేదు. మిగిలింది గుసగుస. అది కూడా ఎదుటివాడు చెవి వంచితేనే అందేది. కొన్నాళ్ళు అలాగే బజారులో కూర్చుందట. "పక్కనోళ్ళు మంచోళ్ళే. దీని గంపని సూపించి కూడా కేకేసీవోరు. అడుక్కున్నట్టు ఉంటాదని ఇదే మానీసినాది" అని అక్క చెప్పింది. ఆ తర్వాత చెల్లెల్ని విజయనగరం తెచ్చుకుని నెట్ సెంటర్ ఊడ్చే పనికీ, కౌంటరు దగ్గర కాపలాకూ పెట్టుకుంది. వచ్చినవాళ్ళు "ఏటీ? ఏటన్నారు?" అని రెట్టించి అడుగుతుంటే ఆమె ముఖం గడియ పెట్టినట్టు మూసుకుపోయేది. అడిగిందే మళ్ళీ అడిగించుకోవడం ఆమెకు మంట.

చివరి అరలోని సిస్టమ్‌లో నడిచే ఆట మొదట బావది. అతడు గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆడుకునేవాడు. అందులో ఒక పట్టణం, పట్టణం నడుమ ఒక కూడలి. ఎక్కడెక్కడి మనుషులో తమ తమ బొమ్మలను నడిపించుకుంటూ అక్కడికి చేరతారు, రాక్షసుల మీదికి యుద్ధానికి వెళతారు, దెబ్బలు తింటారు. చేప తింటే బొమ్మకు మళ్ళీ బలం వస్తుంది. ఏటిలో చేపలు పట్టే బొమ్మలు వేరు, కొని అమ్మే బొమ్మలు వేరు. అమ్మదలచినవారు బొమ్మను కూడలిలో నేలమీద కూర్చోబెట్టి, తలమీద ఒక పలక నిలిపి, దానిమీద ధర వేసి, ఆపైన తమ పని తాము చూసుకోవచ్చు. సిస్టమ్ నడుస్తూ ఉంటే చాలు, కొట్టు నడుస్తుంది. ఆ కూడలి నిండా అలా కూర్చున్న బొమ్మలే. వాటి వెనక మనుషులు ఉండేవారు కారు.

బావ ఒకనాడు భోజనానికి లేస్తూ తన బొమ్మను చూస్తుండమన్నాడట. వచ్చేసరికి అతడి బొమ్మ నేలమీద కూర్చుని చేపలు అమ్ముతోంది. మళ్ళీ ఆ బొమ్మ అతడి చేతికి రాలేదు.

ఆమె మిషన్ స్కూల్లో పది దాకా చదివింది. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది; వేళ్ళు మెల్లగా మొదలై కోపం వస్తే వేగం అందుకునేవి. నాతో కూడా అలాగే మాట్లాడేది. నేను నోటితో అడిగితే, ఆమె తెరమీద ఒక ఖాళీ కిటికీ తెరిచి జవాబు కొట్టి, నేను చదివానో లేదో చూసి చెరిపేసేది. ఆమె మాటలను ఇక్కడ తెలుగు లిపిలోకి మార్చి రాస్తున్నాను. మార్చినది లిపి ఒక్కటే.

ఆమె చేసిన మొదటి విడ్డూరం బేరాలు ఆడడం. ఆ ఆటలో ధర ఒకసారి పలకమీద వేస్తే అంతే. మార్చాలంటే కొట్టు కట్టేసి, మళ్ళీ తెరిచి, సరుకంతా మొదటినుంచి పేర్చుకోవాలి. ఆమె ఒక్కొక్క బేరానికీ ఆ తతంగం మొత్తం చేసేది. నేను అక్కడ ఉండగానే బావ ఒకసారి విసుక్కున్నాడు.

"ఒసే, ఇది సంత కాదే. రేటు బోర్డు మీద ఉన్నాది. ఇష్టమున్నోడు కొంటాడు, నేనోడు పోతాడు. ప్రెతి ఎదవతోటీ బేరమేటి?"

ఆమె టకటకా కొట్టి తెరను అతడి వైపు తిప్పింది. "బేరం నేకపోతే కొట్టెందుకు బావా? గుడి ముందర హుండీ పెట్టుకో."

కొట్టు ఎందుకు కలిసివచ్చిందో నేను చాలాసార్లు ఆలోచించాను. కలిసివచ్చిందన్నది మాత్రం నా కళ్ళతో చూసిన విషయం. బావ "లచ్చమంది దీని కొట్టు సుట్టూ" అనేవాడు. లక్ష అబద్ధం. తెరమీద ఒక గుంపు ఉండేది. ఆ గుంపులో కూడా కొన్ని బొమ్మలు ఊరికే నిలబడి ఉన్నవే, వాటి యజమానులు ఎక్కడో అన్నం తింటూ ఉండి ఉంటారు. అవి తీసేసినా, ఆ కూడలిలో మరే కొట్టు ముందూ అంతమంది నిలబడగా నేను చూడలేదు. పలకరిస్తే పలికే కొట్టు అదొక్కటే కావడం ఒక కారణం కావచ్చు. కూడలికి దారి కలిసే మూలలో కూర్చోవడం మరో కారణం కావచ్చు. ఆమె మాత్రం కారణం ఇవేవీ కావనేది. సరుకు రాత్రికి నిలవ ఉంచదు కాబట్టే తన కొట్టు నడుస్తోందని ఆమె నమ్మకం.

ఇదే ఆమె రెండో విడ్డూరం, అసలైన విడ్డూరం. గదికి కిటికీ లేదు గనుక ఆమె పొద్దును వీధిలోంచి దిగే మెట్లమీద చూసేది. సాయంత్రం పైమెట్టు మీదనుంచి ఎండ జారిపోగానే కుర్చీ గిర్రున తిప్పి, కొట్టు కట్టేసి, ధర తగ్గించి మళ్ళీ తెరిచేది. కాసేపాగి మరికొంత. వీధి దీపం వెలిగేవేళకు మిగిలిన నాలుగూ ఎంతకైనా సరే ఇచ్చేసేది. ఆటలోని పట్టణానికి దాని సూర్యుడు దానికి వేరే ఉన్నాడు. అక్కడ పూటకు ఎన్నోసార్లు పొద్దు పొడిచి కుంగుతుంది. ఆ సూర్యుణ్ణి ఆమె ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. విజయనగరంలో పొద్దు వాలితేనే ఆ కూడలిలో చేపల ధర పడేది.

"ఆ చేప కుళ్ళదు కదమ్మా" అన్నాను ఒకనాడు.

"తెల్సు" అని కొట్టింది.

"మరి ఉంచుకుంటే రేపు ఉదయం ఇదే ధరకు పోతుంది కదా?"

"నిన్నటి సేప నాను అమ్మను మేస్టారూ."

"అది నిన్నటిదని కొనేవాడికి ఎలా తెలుస్తుంది? దానిమీద తేదీ లేదు, వాసన లేదు."

"నాకు తెల్సు కదా."

పక్కన బావ పగలబడి నవ్వాడు. "దీనికేటి సెప్తారు మేస్టారూ, మీరు సైన్సు సెప్పుకోండి, అది సేపలమ్ముకుంటాది!"

ఈ మాటను నిజాయితీ అని పొగిడేవాళ్ళు ఉంటారు. నేను పొగడను. గంప ముందు ఏళ్ళ తరబడి కూర్చున్న ఒంటికి, ఎండ తగ్గేకొద్దీ మొప్పల రంగు మారుతుందన్న భయం పట్టుకుని ఉంటుంది. ఆ భయానికి ఇక్కడ ఆధారం లేదని బుద్ధికి తెలిసినా చేతులకు తెలియలేదు. అది పొరపాటే. సముద్రపు ఒడ్డున పుట్టినవారు తప్ప మరెవరూ చేయని పొరపాటు.

నా స్వభావం కొద్దీ ఒక ప్రయోగం ప్రతిపాదించాను. ఒక వారం సాయంత్రాలు ధర తగ్గించవద్దు, మరో వారం ఎప్పటిలా తగ్గించండి, ఏ వారం ఎక్కువ సరుకు పోయిందో చూద్దాం అన్నాను. ఆశ్చర్యంగా ఒప్పుకుంది. మొదటి సాయంత్రం మెట్టు మీద ఎండ జారిపోయింది. ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మర్నాడు కూడా ఓర్చుకుంది. ఆ తర్వాత రోజు నేను వెళ్ళేసరికి ధర తగ్గించేసి, నా వైపు చూడకుండా ఈగలు తోలుకుంటోంది. ఆ వారమే ఆటలో ఏదో ఉత్సవం వచ్చి కొనేవాళ్ళ తాకిడి పెరిగింది. రెండో వారంలో కరెంటు కోతలు. ఫలితం తేలలేదని చెప్పాను.

"తేలకపోతే గెలుపు నాదే" అని కొట్టింది.

ఫలితం తేలకపోవడమంటే ఎవరి గెలుపూ కాదని వివరించాను. ఆమె సగంలోనే గిరాకీ వైపు తిరిగింది.

ఆ ప్రయోగం వల్ల తేలిన విషయం ఒకటి ఉంది. ఆమె ధర తగ్గించిన వెంటనే ఒక ఎర్రటోపీ బొమ్మ వచ్చి సరుకు ఎక్కువ భాగం కొనుక్కుపోయేది. మర్నాడు ఉదయం అదే బొమ్మ పక్క వీధిలో కూర్చుని, అవే చేపలను, ఆమె ఉదయపు ధరకు ఒక మెట్టు తక్కువకు అమ్మేది. ఇది అనుమానం కాదు. నేను బావ చేత మరో సిస్టమ్‌లో వేరే బొమ్మను పెట్టించి, ఆ వీధికి నడిపించి చూశాను. ఏదో కనిపెట్టినవాడిలా వచ్చి ఆమెకు చెప్పాను.

"మారుబేరగాడు" అని కొట్టింది తాపీగా. "ఎప్పుడో తెల్సు."

"మీ లాభం వాడు తింటున్నాడమ్మా."

"రేవులో నాను కొన్నప్పుడు పడవోడి లాభం నాను తిన్నేదా?"

ఆ ఎర్రటోపీ వెనక మనిషి ఎవరో తెలియదు. మలేషియావాడని బావ, విశాఖలోనే ఉంటాడని అక్క. ఇద్దరి దగ్గరా ఆధారం లేదు. అతడు రాసే భాషను బట్టి మన దేశంవాడు కాడని నా ఊహ. ఆమె కొట్టు దగ్గర నిలబడే తెలుగువాళ్ళను చూసి ఒకే ఒక్క తెలుగు మాట నేర్చుకున్నాడు: "తగ్గించు". రోజూ ఆ మాటతోనే వచ్చేవాడు. ఆమె రోజూ ఎదురు తిట్టేది. "వచ్చినావేట్రా సచ్చినోడా. నీ కోసమే కూకున్నాను మరి." అతడికి అందులో ఒక్క మాటా అర్థమయ్యే అవకాశం లేదు. "తగ్గించు" అనేవాడు. ఆమె మరో రెండు తిట్లు తిట్టి తగ్గించేది. ఆ తిట్లు కొడుతున్నప్పుడు ఆమె వేళ్ళ వేగం చూస్తే, అక్క చెప్పిన ఆ బజారు కేక ఎలా ఉండేదో కొంత ఊహించుకోవచ్చు. ఊహ అని ఒప్పుకునే రాస్తున్నాను.

కొన్నేళ్ళకు అందరి చేతుల్లోకీ నెట్ వచ్చేసింది. హాల్‌టికెట్లు ఫోన్లోనే తీసుకుంటున్నారు, ఆటలూ ఫోన్లోనే. నెట్ సెంటర్లో ఒక్కొక్క కుర్చీ ఖాళీ అయింది. గదిలో ఫ్యాన్ చప్పుడు, ఆమె కీబోర్డు చప్పుడు మిగిలాయి. ఒక రోజు నేను వెళ్ళేసరికి అక్క కౌంటరు దగ్గర గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చుని ఉంది.

"మూసీస్తన్నాం మేస్టారూ. గజపతినగరంలో మా మావగారి కొట్టుగది ఉన్నాది. ఫోన్ల సామాను పెట్టుకుంటాం. సిస్టాలన్నీ ఒక ప్రైవేటు స్కూలోళ్ళు ఒకేపాలి తీసుకుంతామన్నారు."

"మరి మీ చెల్లెలు?"

"మాతోటే వస్తాది. ఎక్కడికెల్తాది?" అని, గొంతు తగ్గించింది. "కొట్టు గురించే కదా మీరడిగీది. నానేటి సేత్తును సెప్పండి. దానికి తిండి పెట్టగల్ను. ఆ కొట్టు యాడినించి తెచ్చి పెట్టీది?"

చివరి అరలో ఆమె ఇదంతా వింటూనే ఉంది. నన్ను చేతితో పిలిచి ఖాళీ కిటికీ తెరిచింది. ఈసారి చాలా మెల్లగా కొట్టింది.

"ఒక సిస్టం అట్టేపెట్టి పట్టికెల్దామంటే బావ ఒప్పుకున్నాడు. అక్కడి నెట్టుతో ఆట నడస్తాదంతన్నాడు. నా మనసు నిలబెట్టడానికి అంతన్నాడేమో. బావ మాట నమ్మను. మీరు సూసి సెప్పండి."

నన్ను పరీక్షించి చూడమని ఒకరు కోరడం అరుదు. సాధారణంగా నేను పరీక్షించడం ఇష్టం లేనివారే ఎక్కువ. ఆదివారం గజపతినగరం వెళ్ళాను. వాళ్ళు పెట్టబోయే గది చూశాను. ఆ బజారులో నెట్ ఉన్న రెండు చోట్లా కాసేపు కూర్చుని, బావ ఇచ్చిన పేరుతో ఆ ఆటలోకి వెళ్ళి, బొమ్మను నడిపించి చూశాను. ఒక చోట లోపలికే వెళ్ళలేదు. రెండో చోట వెళ్ళింది, కొట్టు తెరిచాను, కొనడానికి ఎవరో వచ్చి ఏదో అడిగారు, నా జవాబు వాళ్ళకు చేరేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ మళ్ళీ చూశాను. ఒకసారి తప్పు నాదై ఉండవచ్చని అక్కడి మనిషి చేత కూడా చేయించాను. అదే ఫలితం. అడిగిన మాట ఇక్కడ, జవాబు ఎంతో ఆలస్యంగా అక్కడ. ఈ మధ్యలో ఎదుటివాడు "ఏటీ? ఏటన్నారు?" అని రెట్టించి అడుగుతూ ఉంటాడు.

సోమవారం ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బావ నేల చూశాడు. ఆమె రెండుసార్లు తలాడించింది. సిస్టమ్ అట్టేపెట్టవద్దని, అన్నిటితో పాటు స్కూలువాళ్ళకు ఇచ్చేయమని ఆ సాయంత్రమే బావతో చెప్పిందట.

ఆఖరి రోజు నేను వెళ్ళాలని వెళ్ళలేదు. మార్కుల జాబితా ఒకటి ప్రింటు తీయించుకోవలసి ఉండి వెళ్ళాను. మధ్యాహ్నం దాటింది. అరలన్నీ ఖాళీ. మానిటర్లు తాళ్ళతో కట్టి అట్టపెట్టెల పక్కన పెట్టారు. చివరి అర ఒక్కటే వెలుగుతోంది. స్కూలువాళ్ళ వ్యాను చీకటి పడేలోగా వస్తుందని బావ చెప్పాడు.

ఆమె తన బొమ్మ తలమీది పలకను మార్చింది. "ఈ రోజే ఆకరు" అని ఉంది. ఎంతమందికి అర్థమైందో చెప్పలేను. అర్థమైనవాళ్ళు మిగిలినవాళ్ళకు చెప్పి ఉంటారు. గుంపు మాత్రం పెరిగింది. పాత మొహాలు, అంటే పాత టోపీలు, పాత కత్తులు. ఆమె ఎవరికీ వీడ్కోలు చెప్పలేదు. అమ్ముతూనే ఉంది. ఒకడు ఉచితంగా ఇమ్మన్నట్టున్నాడు. వాణ్ణి తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. మెట్టు మీద ఎండ జారింది. కొట్టు కట్టి, తెరిచి, ధర తగ్గించింది. సరుకు తరిగిపోతూ వచ్చింది. చివరకు ఒక పెద్ద చేప మిగిలింది; అది పోతే కొట్టు ముగిసినట్టే. ఆటలో దాని పేరు ఏదో ఉంది. ఆమె దాన్ని వంజరం అనేది.

ఎర్రటోపీ ముందుకు వచ్చాడు.

"తగ్గించు."

ఆమె తిట్టి, తగ్గించింది.

"తగ్గించు."

మళ్ళీ తగ్గించింది. ఇలా కొంతసేపు సాగింది. చివరకు ధర ఒక్క నాణేనికి వచ్చింది. అంతకన్నా తక్కువ వేయడం ఆ ఆటలో కుదరదు. పక్క వీధిలో రేపు ఉదయం ఆ చేప దానికి ఎన్నో రెట్లు పలుకుతుందని అందరికన్నా బాగా తెలిసినవాడు అతడు.

"తగ్గించు" అన్నాడు.

"ఒరే ఎదవా!" అని బావ తెర మీదికి వంగి అరిచాడు, అతడికి వినబడుతుందన్నట్టు. "ఒక్క నాణెం కూడా ఎక్కువేట్రా నీకు? కొనీ, కొనీ!"

గుంపులోంచి మరెవరూ కొనలేదు. కొనవచ్చు, ఒక్క నొక్కు చాలు. నేను నిలబడి చూస్తున్నాను. పిసినారితనం అనుకుంటే లెక్క కుదరడం లేదు. అంతకన్నా తక్కువ ధర వేయడం కుదరదని అతడికి తెలియకపోవచ్చు అనుకున్నాను. ఇన్నేళ్ళుగా అదే పట్టణంలో అమ్మేవాడికి తెలియకుండా ఉండదు. ఆట నిలిచిపోయిందేమో అనుకున్నాను. మిగతా బొమ్మలు కదులుతున్నాయి. ఇక మిగిలిన కారణం ఒకటి ఉంది. దానికి నా దగ్గర రుజువు లేదు గనుక రాయను.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. భుజాలు కదిలాయి. ముందు ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వు; గాలి తప్ప శబ్దం లేని నవ్వు. తర్వాత ముందుకు వంగి కొట్టు కట్టేసింది. అయిపోయిందనుకుని బావ ప్లగ్గు కోసం వంగబోయాడు. ఆమె కొట్టు మళ్ళీ తెరిచింది. నేలమీద ఒకే ఒక్క చేప. పలకమీద ఉదయపు ధర.

గుంపు కదల్లేదు. కాసేపటికి తెర కింద ఆ మాట వచ్చింది.

"తగ్గించు."

"ఏరా సచ్చినోడా" అని మొదలుపెట్టి ఆమె పెద్దదే కొట్టసాగింది. వేళ్ళు అందుకున్నాయి. వీధిలో వ్యాను రివర్సులో వస్తున్న చప్పుడు వినబడింది. అక్క మెయిన్ స్విచ్ దగ్గర నిలబడి, "ఒసే, బండొచ్చీసినాది. ఇంకెంతసేపే?" అంది.

ఆమె తిరిగి చూడలేదు. ఎడమచేయి ఎత్తి, అరచేయి వెనక్కి చూపించి, ఆగమంది. గిరాకీ ఉన్నాడు.

అక్క వ్యానువాడితో ఏదో చెప్పడానికి మెట్లెక్కి బయటికి వెళ్ళింది. తిరిగి వచ్చి, కట్టిపెట్టిన కుర్చీల్లోంచి ఒకటి లాక్కుని, స్విచ్ పక్కనే కూర్చుంది.